కార్డు బ్లాక్ అవుతుందని ఫోన్ వస్తే.. అటువైపు జరిగేది ఇదీ

“మేడమ్, బ్యాంక్ హెడ్ ఆఫీస్ నుంచి మాట్లాడుతున్నాం. మీ ఏటీఎం కార్డు ఈ రాత్రికి బ్లాక్ అయిపోతుంది.” ఇలాంటి ఫోన్ రాని ఇల్లు ఇప్పుడు తక్కువే. చాలాసార్లు ఈ కాల్ హిందీలో వస్తుంది. తెలుగు మాత్రమే వచ్చిన వాళ్లయితే ‘వీడెవడో’ అని పెట్టేస్తారు. మన ఇళ్లలో ఉర్దూ వచ్చు కాబట్టి ఆ హిందీ పరాయిగా అనిపించదు. ‘ఆప్ ఫికర్ మత్ కీజియే అమ్మాజీ’ అని మర్యాదగా మాట్లాడేసరికి అమ్మీ, ఖాలా లాంటి పెద్దవాళ్లు మాటల్లో పడిపోతారు. భర్త గల్ఫ్‌లో ఉండి, ఇక్కడి ఖాతా భార్యే చూసుకునే ఇంట్లో భయం ఇంకాస్త ఎక్కువ. కార్డు ఆగిపోతే ఈ నెల ఖర్చులెలా అన్నదే ముందు గుర్తొస్తుంది. వాడికి కావాల్సిందీ ఆ కంగారే.

నమ్మకం కలిగించడానికి వాడు వేసే మొదటి ఎత్తు కార్డు నంబర్ చదవడం. “మీ కార్డు ఫలానా నంబర్‌తో మొదలవుతుంది, చూసుకోండి” అంటాడు. తీసి చూస్తే నిజంగానే అంతే ఉంటుంది. బ్యాంకు వాళ్లకు తప్ప ఎవరికి తెలుస్తుంది అనుకుంటాం. కానీ కార్డు మీద ఉండే 16 అంకెల్లో మొదటి 6 లేదా 8 అంకెలు మనవి కావు, బ్యాంకువి. అది వీసానా, మాస్టర్‌కార్డా, రూపేనా, ఏ బ్యాంకు ఇచ్చింది అని చెప్పే గుర్తు అది. వీసా కార్డులన్నీ 4తోనే మొదలవుతాయి. ఒకే బ్యాంకు ఇచ్చిన ఒకే రకం కార్డులు లక్షల మంది దగ్గర అవే అంకెలతో ఉంటాయి. ఊరి పిన్ కోడ్ చెప్పినవాడికి మన ఇల్లు తెలిసినట్టా? ఇదీ అంతే. ఇక పేరు, ఫోన్ నంబర్ అంటారా, అవి ఎక్కడెక్కడో లీకైన జాబితాల్లో అమ్ముడుపోతూనే ఉన్నాయి.

“వెరిఫికేషన్ కోసం మిగతా నంబర్ మీరు చెప్పండి” అన్నప్పుడు అసలు పని మొదలవుతుంది. మనతో మాట్లాడుతూనే వాడు అవతల ఏదో షాపింగ్ సైటో, వాలెట్టో తెరిచి పెట్టుకుంటాడు. మనం చెప్పే ఒక్కో అంకె అందులో కొడతాడు. తర్వాత గడువు తేదీ అడుగుతాడు. ఆ తర్వాత కార్డు వెనక ఉండే 3 అంకెల సీవీవీ. ఇవి పడగానే బ్యాంకు నుంచి మన ఫోన్‌కు ఓటీపీ వస్తుంది. ఆన్‌లైన్‌లో కార్డు వాడేటప్పుడు ఇలా ఇంకో తనిఖీ ఉండాలని రిజర్వ్ బ్యాంక్ 2009లోనే నిబంధన పెట్టింది. కాబట్టి అప్పటిదాకా వాడి చేతికి డబ్బు రాలేదు. చివరి తాళం ఇంకా వేసే ఉంది, దాని చెవి మన ఫోన్‌లోకి వచ్చింది. ఆ ఓటీపీకి కొద్ది నిమిషాలే ఆయుష్షు. అందుకే ‘జల్దీ చెప్పండి, టైమ్ అయిపోతోంది’ అని తొందర పెడతాడు.

ఓటీపీ మెసేజ్‌లో ఎంత డబ్బు, ఎవరికి పోతోంది అన్నది రాసే ఉంటుంది. కానీ అది ఎక్కువగా ఇంగ్లీషులో వస్తుంది, పైగా లైన్‌లో ఉన్నవాడు చదవనివ్వడు. ఇంగ్లీషు రాని పెద్దవాళ్లకు ఇంట్లో పిల్లలు ఒక్కటి నేర్పితే చాలు. మెసేజ్‌లో రూపాయల అంకె కనిపించిందంటే డబ్బు బయటికి పోతోందని అర్థం. కార్డు ‘కాపాడటానికి’ వచ్చే ఓటీపీలో 18,000 రూపాయల లెక్క ఎందుకుంటుంది?

ఓటీపీ చెప్పలేదు కదా, గండం గడిచింది అనుకోవడం కూడా పొరపాటే. విదేశీ సైట్లలో చాలావాటికి ఓటీపీ అక్కర్లేదు. కార్డు నంబర్, గడువు తేదీ, సీవీవీ ఉంటే డబ్బు కట్ అవుతుంది. అందుకే 2020లో రిజర్వ్ బ్యాంక్ తెచ్చిన సౌకర్యం అందరూ వాడుకోవాలి. బ్యాంకు యాప్‌లోకి వెళ్లి అంతర్జాతీయ లావాదేవీలు, ఆన్‌లైన్ లావాదేవీలు విడివిడిగా ఆపుకోవచ్చు, రోజుకు ఇంతే అని పరిమితి పెట్టుకోవచ్చు. అమ్మీ కార్డు ఏటీఎంలో డబ్బు తీయడానికే వాడుతుంటే ఆ రెండూ ఆపేయడంలో నష్టమేముంది?

మోసం ఇప్పుడు కార్డు నంబర్ అడగడం దగ్గరే ఆగట్లేదు. కేవైసీ పేరుతోనో, పెళ్లి కార్డు పేరుతోనో వాట్సాప్‌లో ఏపీకే ఫైల్ పంపుతారు. దాన్ని ఇన్‌స్టాల్ చేస్తే మన మెసేజ్‌లు వాళ్లే చదువుకుంటారు, ఓటీపీ అడగాల్సిన పనే ఉండదు. ఎనీడెస్క్ లాంటి స్క్రీన్ చూపించే యాప్ వేసుకోమన్నా సంగతి అదే. గూగుల్‌లో దొరికిన కస్టమర్ కేర్ నంబర్‌కు మనమే ఫోన్ చేసి దొరికిపోవడం ఇంకో రకం. నిజమైన నంబర్ కార్డు వెనకే ఉంటుంది. అనుమానం వస్తే ఫోన్ పెట్టేసి ఆ నంబర్‌కు మనమే చేయాలి. బ్యాంకులు సర్వీస్ కాల్స్‌కు 1600తో మొదలయ్యే నంబర్లు వాడాలని 2025 జనవరిలో రిజర్వ్ బ్యాంక్ చెప్పింది. మామూలు 10 అంకెల మొబైల్ నుంచి ‘హెడ్ ఆఫీస్’ ఫోన్ చేసిందంటే అక్కడే ఆలోచించాలి. నంబర్ ఏదైనా సరే, ఓటీపీ, పిన్, సీవీవీ అడిగే హక్కు బ్యాంకు మేనేజర్‌కు కూడా లేదు.

డబ్బు పోయాక ఏంటి?

ఇక్కడే చాలా ఇళ్లలో అసలు నష్టం జరుగుతోంది. చెప్పేసిన మనిషి భయపడి దాచేస్తారు. కొడుకు తిడతాడని, భర్తకు ఏం చెప్పాలని, రేపు చూద్దాంలే అని. ఆ ఒక్క రాత్రి ఖరీదు చాలా పెద్దది. 2017 జులై 6న రిజర్వ్ బ్యాంక్ ఇచ్చిన ఆదేశాలు చూస్తే ఎందుకో తెలుస్తుంది. ఓటీపీ, పిన్ లాంటివి మనమే చెప్పి ఉంటే, బ్యాంకుకు తెలియజేసేదాకా పోయిన డబ్బు మన నెత్తినే పడుతుంది. తెలియజేసిన తర్వాత పోయిన ప్రతి రూపాయీ బ్యాంకుదే. రాత్రి 9కి 10,000 పోయిందనుకోండి. 9:10కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబర్ తీసుకుంటే, ఆ తర్వాత వాడు ఇంకో 40,000 లాగినా ఆ భారం మనది కాదు. పొద్దున్న దాకా ఆగితే మొత్తం 50,000 మనదే.

మనం ఏమీ చెప్పకుండా, బ్యాంకు తప్పు కూడా లేకుండా ఎక్కడో సమాచారం లీకై డబ్బు పోతే లెక్క వేరు. బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చిన 3 పనిదినాల్లో చెబితే మన బాధ్యత సున్నా. 4 నుంచి 7 రోజులైతే మామూలు సేవింగ్స్ ఖాతాకు మన వంతు గరిష్ఠంగా 10,000. ఫిర్యాదు చేసిన 10 పనిదినాల్లో బ్యాంకు ఆ డబ్బు తాత్కాలికంగా ఖాతాలో వేయాలి.

కాబట్టి ముందు బ్యాంకుకు ఫోన్ చేసి కార్డు బ్లాక్ చేయించాలి. వెంటనే 1930కు చేయాలి. దొంగిలించిన డబ్బు ఒక ఖాతాలో ఆగదు, గంటల్లోనే నాలుగైదు ఖాతాలు మారుతుంది. 1930కు చెబితే ఆ వివరాలు సంబంధిత బ్యాంకులకు వెళ్తాయి, డబ్బు ఇంకా ఏ ఖాతాలోనైనా ఉంటే అక్కడ ఆపేస్తారు. ఖాతా నంబర్, లావాదేవీ నంబర్, ఎంత, ఎన్నింటికి పోయింది అనేవి దగ్గర పెట్టుకుని మాట్లాడాలి. మెసేజ్‌లు డిలీట్ చేయొద్దు. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లోనూ ఫిర్యాదు ఇవ్వొచ్చు. అయితే 1930కు చెప్పినంత మాత్రాన బ్యాంకుకు చెప్పినట్టు కాదు, రెండూ చేయాలి.

ఆ డబ్బు మారే ఖాతాలు ఎవరివి అనుకుంటున్నారు? చాలావరకు కమీషన్‌కు ఆశపడి పాస్‌బుక్, ఏటీఎం కార్డు, సిమ్ ఇచ్చేసిన కుర్రాళ్లవి. ఫోన్ చేసినవాడు ఎక్కడో ఉంటాడు, పోలీసులు ముందు వచ్చేది ఖాతా ఎవరి పేరు మీద ఉందో వాళ్లింటికి. కాలేజీకి వెళ్లే పిల్లలున్న ఇళ్లలో ఈ మాట కూడా చెప్పుకోవాలి.

బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి 30 రోజులైనా జవాబు రాకపోతే, వచ్చిన జవాబు సరిగా లేకపోతే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. దీనికి ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. ఎలా చేయాలో 14448కు ఫోన్ చేస్తే చెబుతారు. బ్యాంకు ఇచ్చిన ఫిర్యాదు నంబర్, తేదీ అప్పుడు కావాలి కాబట్టి మొదటి రోజే ఒక కాగితం మీద రాసి పెట్టుకోవాలి.