నలుపు ఎందుకు వెలిసిపోదు?

గోదావరిఖని చౌరస్తాలో పడమటెండ తగిలే దుకాణాల అద్దాలకేసి ఓసారి చూడండి పిల్లలూ. ఎప్పుడో అంటించిన పోస్టర్లలో హీరో మొహం నీలంగా పాలిపోయి ఉంటుంది. ఎరుపు, పసుపు ముందే దిగిపోయాయి. నీలం, నలుపు మాత్రం కదల్లేదు.

ఎండలోని అతినీలలోహిత కిరణాలు రంగు అణువుల బంధాలను తెంచేస్తాయి. నీలానికి వాడే థాలోసయనిన్ మొండిది, నడుమ రాగి పరమాణువును పట్టుకుని కూర్చుంటుంది. నలుపైతే దాదాపు ఉత్త కార్బనే. మీ నాయిన షిఫ్టుకు పోయి తవ్వేదాంట్లోనూ ఎక్కువ ఉన్నది అదే! అట్లాగని సిరా కోసం సింగరేణి బొగ్గును నూరరు. చమురును చాలీచాలని గాలిలో మండించి, ఆ మసి పడతారు. మన బొగ్గు ఎక్కువగా కరెంటుకే పోతుంది. బొగ్గుకూ రంగుకూ చుట్టరికం మాత్రం పాతదే. 1856లో లండన్‌లో పద్దెనిమిదేళ్ల విలియం పెర్కిన్ మలేరియా మందు చేయబోతే, బొగ్గు తారు సరుకులోంచి ఊదా రంగు వచ్చింది.

మన ఉమ్మడి కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టిన చిత్రకారుడు తోట వైకుంఠం గారి బొమ్మలు చూశారా? నల్లని ఒళ్లు, ఇంతేసి బొట్టు, భగ్గుమనే చీర. అసలు బొమ్మ మనబోటివాళ్లం కొనలేం, ప్రింటే దిక్కు. మామూలు ప్రింటర్‌లో నాలుగే సిరాలు. ఆ నల్లని చెంప మీది నీడలన్నీ అందులో ఒకటే ముద్దయిపోతాయి. చిత్రకళకు వాడే ప్రింటర్లలో ఎనిమిది నుంచి పన్నెండు దాకా సిరాలుంటాయి. బూడిద రంగులే రెండు మూడు రకాలు! కొన్నింటిలో కరెంటు తగలగానే వంగే స్ఫటికం సిరాను చిమ్ముతుంది. చుక్క నాలుగు పికోలీటర్లనుకుంటే మిల్లీలీటరుకు పాతిక కోట్ల చుక్కలు.

1991లో అమెరికాలో గాయకుడు గ్రాహం నాష్ ఐరిస్ అనే ప్రింటర్‌తో ఇలాంటి ప్రింట్ల దుకాణం తెరిచాడు. అప్పటివి నీళ్లలో కరిగిపోయే డై సిరాలు, త్వరగా వెలిసేవి. ఇప్పటి పిగ్మెంటు సిరాలో రంగు కరగదు, గోదావరి వరదనీళ్లలో ఒండ్రులా రేణువులుగా తేలుతుంది. రేణువు పైపొర దెబ్బతిన్నా లోపలి రంగు మిగులుతుంది.

కాగితం సంగతీ ఉంది. చెక్క గుజ్జులోని లిగ్నిన్ వల్ల పాత పేపరు పచ్చబడుతుంది. పత్తి కాగితంలో ఆ పీడ లేదు.

కాబట్టి ప్రింటు కొనేముందు సిరా పిగ్మెంటేనా, కాగితం పత్తిదేనా అని గట్టిగా అడగండి. జవాబు నసిగితే డబ్బు జేబులోనే ఉంచుకోండి. కొన్నాక మాత్రం కిటికీ ఎదురుగా మేకు కొట్టకండి.