50 దాటితే ఐవీఎఫ్ ఎందుకు కుదరదు?

2019 సెప్టెంబరులో గుంటూరులో 70 ఏళ్లు దాటిన ఓ మహిళ ఐవీఎఫ్ ద్వారా కవలలకు జన్మనిచ్చారు. నెలసరి ఆగిపోయాక ఇదెలా సాధ్యం?

వయసు ముందుగా దెబ్బతీసేది గర్భాశయాన్ని కాదు, అండాలను. ఆడపిల్ల 10 నుంచి 20 లక్షల అండాలతో పుడుతుంది. ఆ తర్వాత అవి తగ్గడమే. 35 దాటాక నాణ్యత కూడా వేగంగా పడిపోతుంది. గర్భాశయాన్ని మాత్రం హార్మోన్లతో మళ్లీ సిద్ధం చేయవచ్చు. అందుకే దాత అండంతో గర్భం నిలుస్తుంది.

కానీ ఆ భారం మోయాల్సింది తల్లి గుండె, రక్తనాళాలు. వయసుతో పాటు అధిక రక్తపోటు, మధుమేహం, నెలలు నిండని కాన్పుల ముప్పు పెరుగుతుంది. 2021లో వచ్చిన ఏఆర్‌టీ చట్టం ఈ చికిత్సకు మహిళలకు 50, పురుషులకు 55 ఏళ్ల గరిష్ఠ పరిమితి పెట్టింది.

చట్టం 50 వరకు అనుమతించినా అండాలు అంతకాలం ఆగవు. 35 దాటినవారు ఆరు నెలలు ప్రయత్నించినా గర్భం రాకపోతే వెంటనే వైద్యులను కలవాలి.