విద్యావేత్తల రాకపోకల పరిశోధన: కులం గడి లేని పట్టిక

పాలమూరు కూలీ ముంబై బస్సెక్కితే దాన్ని వలస అంటారు. ప్రొఫెసరు అమెరికా విమానమెక్కితే ‘అకడమిక్ మొబిలిటీ’ అంటారు. పేరుతోపాటు లెక్క కూడా మారిపోతుంది. కూలీల వలస మాట రాగానే కులం, భూమి, అప్పు చర్చకొస్తాయి. విద్యావేత్తల రాకపోకల దగ్గరికొచ్చేసరికి దేశం, సబ్జెక్టు, అచ్చయిన పేపర్ల సంఖ్య మాత్రమే మిగులుతాయి. ఈ రంగంలో పరిశోధన ఏ దారుల్లో నడిచింది, అందులో కులం ఎట్లా జారిపోయింది, దానివల్ల దళిత విద్యార్థికి ఏం నష్టం అన్న ప్రశ్నలను ఇక్కడ చర్చకు పెడుతున్నాం.

మొదటి ధోరణి నష్టం లెక్క. బ్రిటిష్ శాస్త్రవేత్తలు అమెరికా వెళ్లిపోతున్నారని 1963లో లండన్ రాయల్ సొసైటీ ఒక నివేదిక ఇచ్చింది. ‘బ్రెయిన్ డ్రెయిన్’ అనే మాట అప్పుడే వ్యాప్తిలోకి వచ్చింది. మనం దాన్ని మేధోవలస అంటున్నాం. పేద దేశం చదివిస్తే ధనిక దేశం అనుభవిస్తున్నది కనుక వలసపోయినవారి ఆదాయం మీద పన్ను వేయాలని 1970లలో ఆర్థికవేత్త జగదీశ్ భగవతి వాదించాడు.

రెండోది లాభం లెక్క. సిలికాన్ వ్యాలీకి వెళ్లిన తైవాన్, భారత్ ఇంజనీర్లను అధ్యయనం చేసిన అన్నాలీ సాక్సేనియన్, పోయినవారు జ్ఞానాన్ని, పెట్టుబడిని వెనక్కి తెస్తారని చెప్పింది. ఆమె పుస్తకం ‘ది న్యూ ఆర్గొనాట్స్’ 2006లో వచ్చింది. అది నష్టమని ఒకరు, కాదు లాభమని ఒకరు వాదించుకున్నారు గానీ ఇద్దరూ లెక్కగట్టింది దేశాన్నే. దేశంలో ఎవరి ఖర్చు, ఎవరి లాభం అని అడిగినవాళ్లు తక్కువ.

మూడో ధోరణి ఇప్పుడు బాగా నడుస్తున్నది. పేపరు మీద రచయిత రాసుకున్న సంస్థ చిరునామాను కంప్యూటరుతో వెతకడం, ఆ చిరునామా ఒక దేశం నుంచి ఇంకో దేశానికి మారితే ‘కదిలాడు’ అని రాసుకోవడం దీని పద్ధతి. 2017లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన అధ్యయనం 2008-2015 మధ్య పేపర్లు రాసిన దాదాపు 1.6 కోట్ల మందిని ఇట్లా పరిశీలించింది. దేశం మారినవారు సుమారు 4 శాతమే. వాళ్ల పేపర్లను ఇతరులు ఉటంకించడం మాత్రం ఎక్కువగా ఉంది. అంటే కదిలినవాడికి పేరు వస్తుంది, పేరుతోపాటు ఉద్యోగమూ వస్తుంది. అందుకే ఎవరు కదలగలుగుతున్నారన్నది న్యాయానికి సంబంధించిన ప్రశ్న.

2011లో 16 దేశాల్లో పనిచేస్తున్న శాస్త్రవేత్తలను ప్రశ్నించిన ‘గ్లోబ్‌సై’ సర్వేలో, విదేశాల్లో పనిచేసేవారి శాతం భారతీయుల్లోనే అందరికంటే ఎక్కువ, దాదాపు 40 శాతం అని తేలింది. ఈ ‘భారతీయులు’ ఎవరు? జవాబు వేరే చోట వెతుక్కోవాలి. అమెరికాలోని భారతీయుల మీద 2003లో జరిగిన సర్వే ఒకటి, వాళ్లలో దళితులు, ఇతర కింది కులాలవారు కలిపి 1.5 శాతమేనని చెప్పింది. మద్రాసు ఐఐటీ మీద అజంతా సుబ్రమణియన్ రాసిన ‘ది కాస్ట్ ఆఫ్ మెరిట్’ (2019) అగ్రకుల వారసత్వం ‘మెరిట్’గా ఎట్లా చలామణీ అవుతుందో, అది అమెరికా దాకా ఎట్లా సాగుతుందో చూపించింది. రాకపోకల పరిశోధన ఈ పనులను పక్కన పెట్టుకుని చదవకపోతే, ఒక గుంపు కథ దేశం కథగా చెలామణీ అవుతుంది.

ఈ పద్ధతి లోపం తెలియాలంటే బాబాసాహెబ్ ప్రయాణాన్నే దాంతో కొలిచి చూద్దాం. 1913లో న్యూయార్క్, 1916లో లండన్, 1917లో ఇండియా, 1920లో మళ్లీ లండన్. చిరునామా లెక్కలో ఇది మంచి ‘మొబిలిటీ’. బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్‌కు పదేళ్లు కొలువు చేయాలన్న షరతు ఉందని ఆ లెక్క చెప్పదు. గడువు ముగిసి చదువు మధ్యలో తిరిగొచ్చాడని చెప్పదు. కొలంబియాలో చదివొచ్చిన మనిషికి బరోడాలో అద్దెకు గది దొరకలేదని, పార్సీల సత్రం నుంచి కూడా తరిమేశారని చెప్పదు. దాచుకున్న జీతం, షాహూ మహారాజు సాయం కలిస్తేగాని రెండో ప్రయాణం సాధ్యపడలేదు. 1945లో లండన్ వెళ్లిన కె.ఆర్. నారాయణన్‌కూ టాటా స్కాలర్‌షిప్పే దిక్కయింది. రాజో, పారిశ్రామికవేత్తో దయ తలిస్తేనే ఓడ ఎక్కే రోజులవి.

ఆ దయను హక్కుగా మార్చే దిశగా 1954-55లో కేంద్రం నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ మొదలుపెట్టింది. 2022-23 మార్గదర్శకాల్లో దేశమంతటికీ 125 సీట్లు, వాటిలో షెడ్యూల్డ్ కులాలకు 115. తెలుగు రాష్ట్రాల్లో అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి కూడా వచ్చింది. అయితే ఆ 2022 మార్గదర్శకాల్లోనే కేంద్రం ఒక షరతు చేర్చింది: భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారత సమాజ అధ్యయనాల మీద పరిశోధనకు ఈ డబ్బు ఇవ్వరట. వాటికి కావలసిన వనరులు ఇక్కడే ఉన్నాయని అధికారులు సమర్థించుకున్నారు.

అంబేడ్కర్ కులం పుట్టుక మీద తన తొలి పత్రాన్ని చదివింది 1916లో, కొలంబియా సెమినార్‌లో. 2022 షరతు అప్పుడే ఉంటే ఆ అంశంతో దరఖాస్తు పెట్టినవాడికి పైసా రాదు. దళితుడు విదేశం పోవచ్చు, కులం గురించి మాత్రం అక్కడ చదవొద్దన్నమాట! సొంత డబ్బుతో వెళ్లేవాడికి ఈ అడ్డు లేదు. మన సమాజం గురించి ప్రపంచానికి చెప్పే పని మళ్లీ ఎవరి చేతికి పోతుందో వేరే చెప్పాలా? సీట్లు లెక్కపెట్టే పరిశోధనకు ఈ మార్పు కనబడదు. మనిషితోపాటు అతని ప్రశ్న కూడా ఎల్ల దాటిందా అని చూసే పరిశోధనకే కనబడుతుంది.

ఎల్ల దాటాక కులం వదులుతుందా అంటే అదీ లేదు. కులవివక్షను నిషేధిస్తూ బ్రాండైస్ విశ్వవిద్యాలయం 2019లో, కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ 2022 జనవరిలో నియమాలు తేవలసి వచ్చింది.

కాబట్టి కొత్త పట్టిక మనమే గీయాలి. అందులో దేశంతోపాటు కులం, డబ్బు ఇచ్చినవారు, పెట్టిన షరతు, ఎంచుకున్న అంశం, తిరిగొచ్చాక దొరికిన స్థానం గడులుగా ఉండాలి. సీటు వచ్చీ డబ్బు చాలక ఆగిపోయినవారికీ ఒక గడి కావాలి. స్కాలర్‌షిప్పుల లెక్కలు 2005 సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. అంశాలవారీగా, జిల్లాలవారీగా అడగాలి. వెళ్లొచ్చినవారి, వెళ్లలేకపోయినవారి అనుభవాలను వాళ్ల మాటల్లోనే రాసిపెట్టడం విద్యార్థి సంఘాలు, అధ్యాపకులు చేయగల పని. ఈ లెక్క చేతిలో ఉంటేనే, అంశాల మీద ఆంక్ష ఎందుకని ప్రభుత్వాన్ని గట్టిగా నిలదీయగలం.