తొలగించదగిన అసాధారణ బిందువులు: ఒక బోరు, ఒక కాలువ

లాప్లాస్ సమీకరణాన్ని తృప్తిపరచే ప్రమేయాలను హరాత్మక ప్రమేయాలని గత భాగంలో చదివారు. అటువంటి ప్రమేయం ఒక్క బిందువు వద్ద మాత్రం నిర్వచితం కాలేదనుకోండి. అక్కడ తగిన విలువ ఇచ్చి దానిని హరాత్మకం చేయగలిగితే, ఆ బిందువును తొలగించదగిన అసాధారణ బిందువు అంటాం.

గరికపాడు వైపు ఒక మెట్టపొలాన్ని ఊహించుకోండి. నీరున్న పొర అంతటా ఒకే మందం, ఒకే గుణం; దాని పైనా కిందా నీరు చొరని పొరలు. (జగ్గయ్యపేట సున్నపురాయి పగుళ్లలో లెక్క ఇంత తేలిక కాదు, ఇది నమూనా.) నిలకడ స్థితిలో నీటిమట్టం రెండు చలరాశుల హరాత్మక ప్రమేయం. బోరు ఒక బిందువు. మోటారు నడుస్తుంటే మట్టంలో లాగ్ ర పదం చేరుతుంది. ఇక్కడ ర బోరు నుంచి దూరం. ర సున్నాను సమీపిస్తే ఆ పదం రుణ అనంతానికి పోతుంది. నిజమైన బోరుకు కొంత వ్యాసార్ధం ఉంటుంది కాబట్టి మట్టం పాతాళానికి పోదు!

మరి బోరు దగ్గర మట్టం పరిబద్ధమని మాత్రమే తెలిస్తే, అక్కడ నీరు తోడడం లేదని చెప్పగలమా? చెప్పగలం.

సిద్ధాంతం: బిందువును మినహాయించి చుట్టూ హరాత్మకమైన ప్రమేయం ప. ర సున్నాను సమీపించినప్పుడు ప ÷ లాగ్ ర అవధి సున్నా అయితే, ఆ బిందువు తొలగించదగినది. మూడు చలరాశులలో లాగ్ ర స్థానంలో 1/ర వస్తుంది. న చలరాశులలో (న > 2) ర యొక్క (2 − న)వ ఘాతం.

ఉపపత్తి: బిందువు కేంద్రంగా, వ వ్యాసార్ధంతో చిన్న వృత్తం తీసుకోండి. వృత్తంపై ప విలువలనే తీసుకుంటూ లోపలంతా హరాత్మకమయ్యే హ ను పాయిజాన్ సూత్రం ఇస్తుంది. త = ప − హ అనుకోండి; వృత్తంపై త సున్నా. ఏదైనా ధన సంఖ్య క కు, క × లాగ్ (వ/ర) కూడా వృత్తంపై సున్నా. కేంద్రానికి బాగా దగ్గరగా, మన పరికల్పన వల్ల, అది త పరిమాణం కంటే పెద్దది. మధ్యనున్న వలయంలో గరిష్ఠ సూత్రాన్ని వాడితే, అక్కడంతటా |త| ≤ క × లాగ్ (వ/ర). ఇప్పుడు బిందువును కదపకుండా క ను సున్నాకు పంపండి: త = 0, అంటే ప = హ. ఈ వరుసను పరీక్షలో తారుమారు చేయకండి. లోపలి వృత్తాన్ని కుదించేటప్పుడు క స్థిరం; క కుదిరేది ఆ తర్వాతే.

పరిబద్ధత ఉంటే ఏ సమితినైనా తొలగించవచ్చని మాత్రం అనుకోవద్దు. సాగర్ ఎడమ కాలువ వంటి తిన్నని కాలువ ఒకటి ఇదే పొరలోకి నీరు వదులుతోందనుకోండి. కాలువకు రెండు వైపులా మట్టం దూరంతోపాటు సమంగా తగ్గుతుంది: స్థిరాంకం − దూరం. గీతకు ఇరువైపులా ఇది హరాత్మకం. గీత దగ్గర పరిబద్ధం, అవిచ్ఛిన్నం కూడా. అయినా గీత మీద వాలు హఠాత్తుగా మారుతుంది కాబట్టి దానిని తొలగించలేం. తలంలో బిందువు చిన్నది, గీత పెద్దది.

బోరు సంగతికి వస్తే, 1903లో మాక్సిమ్ బోషర్ ఇంకో అడుగు వేశాడు. బిందువు చుట్టూ ప ధనాత్మకమైతే చాలు, అది స × లాగ్ (1/ర)కు, బిందువు వద్ద కూడా హరాత్మకమైన ఒక ప్రమేయానికి మొత్తం అవుతుంది. స రుణం కాదు. మట్టం తరుగుదలను ప గా తీసుకుంటే, బోరు తోడే నీటి పరిమాణానికి స అనులోమానుపాతంలో ఉంటుంది.