సదస్సులకు ఎందుకు వెళ్ళాలి?



పరిశోధన పత్రాలు అచ్చులో దొరుకుతాయి. ఇంటర్నెట్‌లోనూ చదువుకోవచ్చు. అలాంటప్పుడు రాయపూర్‌లో చదివే విద్యార్థి విశాఖపట్నమో హైదరాబాదో రైలెక్కి, రెండు రోజుల తరగతులు వదులుకుని సదస్సుకు వెళ్ళడం దేనికి? ఇది న్యాయమైన ప్రశ్నే. రసాయనశాస్త్ర చరిత్రలో దీనికి మంచి జవాబు ఉంది.

1860 నాటికి పరమాణు భారాల విషయంలో పెద్ద గందరగోళం ఉండేది. ఆక్సిజన్ పరమాణు భారం కొందరి లెక్కలో 8, మరికొందరి లెక్కలో 16. అందుచేత నీటి ఫార్ములాను కూడా అందరూ ఒకేలా రాసేవారు కాదు. ఈ చిక్కు తేల్చుకోవడానికి ఆ సెప్టెంబరులో జర్మనీలోని కార్ల్‌స్రూ నగరంలో సుమారు 140 మంది రసాయన శాస్త్రవేత్తలు సమావేశమయ్యారు. మూడు రోజులు చర్చించినా ఏకాభిప్రాయం కుదరలేదు. సభ ముగిసే వేళ, ఇటలీ శాస్త్రవేత్త కానిజారో రాసిన చిన్న పుస్తకాన్ని ప్రతినిధులకు పంచారు. అవొగాడ్రో సూత్రం ఆధారంగా పరమాణు భారాలను ఎలా నిర్ణయించాలో అందులో ఉంది. నిజానికి ఆ రచన 1858లోనే అచ్చయింది. కాని ఎక్కువమంది దాన్ని పట్టించుకోలేదు. సభకు హాజరైన 26 ఏళ్ళ మెండలీవ్‌కు ఆ భారాలు దారి చూపాయి. 1869లో ఆయన ఆవర్తన పట్టికను ప్రకటించాడు.

గమనించారా? రెండేళ్ళపాటు కాగితం మీదే ఉండిపోయిన విషయం మనుషులు ఒకచోట కలిసినప్పుడు కదిలింది.

మన దేశంలో 1914లో కలకత్తాలో మొదలైన ఇండియన్ సైన్స్ కాంగ్రెస్ 2008లో విశాఖపట్నంలో, 2017లో తిరుపతిలో జరిగింది. 2010 ఆగస్టులో అంతర్జాతీయ గణిత మహాసభ తొలిసారి మన దేశానికి, అదీ హైదరాబాదుకు వచ్చింది. ఫీల్డ్స్ పతకాలను ఆ వేదికపైనే నలుగురికి అందజేశారు.

అన్నిటికీ అంత దూరం వెళ్ళనక్కరలేదు. రాయపూర్‌లోనే ఎన్.ఐ.టి., ఎయిమ్స్, ఇందిరాగాంధీ కృషి విశ్వవిద్యాలయం ఉన్నాయి. ఈ విశ్వవిద్యాలయంలో ఇరవై వేలకు పైగా వరి రకాల విత్తనాలను భద్రపరిచారు. వరి మీద అక్కడ సదస్సు జరిగితే, ఆ విత్తనాలతో పనిచేసేవారినే మీ సందేహం అడగవచ్చు.

అయితే ఒక హెచ్చరిక. రుసుము కట్టించుకుని, వినేవారు లేని గదిలో పత్రం చదివించి, సర్టిఫికెట్ చేతిలో పెట్టి పంపే సదస్సులూ ఉన్నాయి. నిర్వాహకులెవరో, ప్రసంగించేవారెవరో మీ అధ్యాపకులను అడిగి తెలుసుకున్నాకే డబ్బు కట్టండి.

వెళ్ళే ముందు కార్యక్రమ వివరాలు చూసి, మీకు పనికివచ్చే ప్రసంగాలు గుర్తు పెట్టుకోండి. కనీసం ఒక ప్రశ్న రాసుకోండి. పోస్టర్ల దగ్గర ఆగండి. తమ పని గురించి అడిగితే చెప్పాలనే వారు అక్కడ నిలబడి ఉంటారు. సభలో లేచి అడగడానికి బెరుకైతే టీ విరామంలో అడగండి. అర్థం కాని మాటలు కూడా నోట్ చేసుకోండి. ఇంటికి వచ్చాక విన్నదంతా ఒక పేజీలో రాసి, రాలేకపోయిన తోటి విద్యార్థులకు చదివి వినిపించండి.