ఆదివారం మైదానంలో ఒక తండ్రి

ఆదివారం ఆరాధనకు గంట మోగే వేళకు మా పులివెందులలో మరో సందడి కూడా మొదలవుతుంది. చర్చికి వచ్చే దారిలోని ఖాళీ స్థలంలో పిల్లలు వికెట్లు పాతుతారు. ఇరవై ఏళ్ల క్రితం, నేను సంఘ సేవకు వచ్చిన కొత్తలో, ఒక ఆదివారం ప్రసంగంలో ఆ ఆటను గట్టిగా ఖండించాను. ప్రభువు దినాచరణ గురించి సెమినరీలో నేర్చుకున్నదంతా ఆ రోజు వినిపించాను. మన సంఘంలో ఒక పిల్లవాడు బైబిలు పట్టుకోవలసిన చేతితో బ్యాటు పట్టుకుంటున్నాడని, పేరు చెప్పకపోయినా అందరికీ తెలిసిపోయేలా అన్నాను. పెద్దలు ‘ఆమేన్’ అన్నారు. మరుసటి ఆదివారం నుంచి ఆ పిల్లవాడు చర్చికి రావడం మానేశాడు.

నెల తర్వాత బజారులో కనిపిస్తే ‘ఏం నాయనా, రావడం లేదే?’ అని అడిగాను. పదమూడేళ్లవాడు. తల దించుకుని, ‘మా నాయన కువైట్‌లో ఉండాడు అయ్యగారూ. అమ్మ చీనీ తోటల్లోకి పనికి పోతాది. గ్రౌండుకు పోతే నన్ను పిలిచేవాళ్లుంటారు’ అన్నాడు.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. కొన్నేళ్ల తర్వాత ఒక క్రైస్తవ తండ్రి జీవిత చరిత్ర చదువుతుంటే ఆ జవాబు దొరికింది. ఆయన ఎరిక్ లిడ్డెల్.

ఆ పేరు మన సండే స్కూళ్లలో చాలామంది విన్నదే. అయితే ఆయన కథను మనం సగమే చెబుతాం. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో వంద మీటర్ల పరుగులో ఆయన మీద అందరికీ ఆశలుండేవి. ఆ పోటీ తొలి పరుగులు ఆదివారం పడ్డాయి. ప్రభువు దినాన పరుగెత్తనని ఆయన ఎన్నో నెలల ముందే తేల్చి చెప్పాడు. పత్రికలు నిందించినా, దేశభక్తి లేదని కొందరు ఎత్తిపొడిచినా చలించలేదు. ఆ ఆదివారం పారిస్‌లోని స్కాట్లాండ్ వారి చర్చిలో వాక్యం చెప్పాడు. అదే వారంలో, జూలై 11న, తనకు అంతగా అలవాటు లేని నాలుగు వందల మీటర్లు 47.6 సెకన్లలో పరుగెత్తి కొత్త రికార్డుతో బంగారు పతకం గెలిచాడు. మనం ఇక్కడితో కథ ఆపి, ‘చూశారా పిల్లలూ’ అంటాం. నేనూ అలాగే చాలాసార్లు చెప్పాను.

మిగతా సగం చైనాలో జరిగింది. పతకం గెలిచిన మరుసటి ఏడాదే, 1925లో, ఆయన తాను పుట్టిన చైనాకు మిషనరీగా వెళ్లిపోయాడు. ఆయనను పంపింది లండన్ మిషనరీ సొసైటీ. 1822లో మన కడపలో సువార్త పని ప్రారంభించింది, జమ్మలమడుగులో క్యాంబెల్ ఆసుపత్రిని నెలకొల్పింది ఆ సొసైటీయే. ఆ విధంగా ఎరిక్ మనకు మరీ పరాయివాడు కాడు.

1934లో ఫ్లోరెన్స్ అనే యువతిని పెళ్లాడాడు. ఇద్దరు ఆడపిల్లలు కలిగారు. జపాను సైన్యం చైనాను ఆక్రమిస్తున్న రోజులవి. ప్రమాదం ముంచుకొస్తోందని 1941లో గర్భవతిగా ఉన్న భార్యను, ఇద్దరు బిడ్డలను కెనడా పంపించి తాను సేవలో ఉండిపోయాడు. మూడో పాప మౌరీన్ అక్కడే పుట్టింది. ఆ బిడ్డ ముఖం ఆయన జీవితంలో ఒక్కసారీ చూడలేదు. భర్తను కువైట్‌కు పంపి, పుట్టిన బిడ్డ ఫొటోను ఫోనులో చూపించే తల్లులు మన సంఘాలలో ఎందరో ఉన్నారు. వారికి ఈ బాధ నేను వివరించనక్కరలేదు. ఎరిక్‌కు ఆ ఫోను కూడా లేదు. రెడ్‌క్రాస్ ద్వారా పంపే చీటీలో పాతిక మాటలకు మించి రాయడానికి వీలుండేది కాదు.

1943లో జపాను సైనికులు ఆయనను వెయ్‌షియన్ అనే ఊరిలోని నిర్బంధ శిబిరంలో పెట్టారు. రోమన్ కేథలిక్ ఫాదర్లు, సిస్టర్లు, ప్రొటెస్టెంట్ మిషనరీలు, వ్యాపారులు, వారి పిల్లలు, అందరూ కలిసి సుమారు 1,500 మంది. చీఫూ అనే ఊరి మిషనరీ పాఠశాల పిల్లలను కూడా అక్కడికే తెచ్చారు. వారి తల్లిదండ్రులు ఎక్కడో దూరాన ఉన్నారు. కొందరు పిల్లలు అమ్మానాన్నలను చూసి ఏళ్లు గడిచాయి.

తన బిడ్డలకు దూరమైన తండ్రి, తండ్రులకు దూరమైన బిడ్డలు ఒకే ప్రహరీ లోపల పడ్డారు. ఎరిక్ వారికి సైన్సు పాఠాలు చెప్పాడు, బైబిలు క్లాసు పెట్టాడు, ఆటలు నేర్పాడు. విరిగిన హాకీ కర్రలకు గుడ్డ పట్టీలు చుట్టి జిగురుతో అతికించేవాడు. ‘ఒలింపిక్ వీరుడు’ అని ఆ పిల్లలు ఆయనను పిలవలేదు. ‘ఎరిక్ అంకుల్’ అని పిలిచారు.

అయితే ఆదివారం మాత్రం ఆటలు వద్దన్నాడు. ఆయన సంగతి తెలిసిందే కదా! కానీ ఆ శిబిరంలో పిల్లలకు చేయడానికి వేరే ఏమీ లేదు. ఒక ఆదివారం మగపిల్లలు, ఆడపిల్లలు జట్లుగా చీలి తామే హాకీ ఆడుకున్నారు. రిఫరీ లేడు. ఆట కాస్తా కొట్లాట అయింది. ఆ సంగతి విని ఎరిక్ మోకరించి ఎంత ప్రార్థించాడో మనకు తెలియదు. తర్వాతి ఆదివారం పిల్లలు మైదానానికి వచ్చేసరికి ఎరిక్ అంకుల్ రిఫరీగా నిలబడి ఉన్నాడు.

ప్రియ పాఠకులారా, ఆ పేజీ దగ్గర నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. తాను నమ్మినదాన్ని ఆయన వదులుకున్నాడా? లేదు. తన సొంత పతకం కోసం ఆదివారాన్ని ముట్టని మనిషి, పరాయి పిల్లలు కొట్టుకోకుండా ఉండడం కోసం అదే ఆదివారాన్ని ఇచ్చేశాడు. పారిస్‌లో ఆయన పోగొట్టుకోవడానికి సిద్ధపడింది పతకం. వెయ్‌షియన్‌లో సిద్ధపడింది తన పేరు. ఆ రెండోది భక్తిపరులకు మరింత కష్టం. విశ్రాంతి దినం మనిషి కోసమే కలిగిందని ప్రభువు చెప్పాడు (మార్కు 2:27). ఆ రోజు బావిలో పడ్డ ఎద్దును పైకి తీయనివాడు ఎవడని పరిసయ్యులను అడిగాడు (లూకా 14:5). ఎరిక్ నియమం తన మీద కఠినంగా, పిల్లల మీద దయగా ఉంది. నేను దానిని తలకిందులు చేశాను. నా ఆదివారం నాకు సుఖంగానే గడిచింది. కఠినమంతా ఆ పదమూడేళ్లవాడి మీద పెట్టాను.

ఆ శిబిరంలో స్టీవ్ మెట్‌కాఫ్ అనే కుర్రవాడు ఉండేవాడు. బైబిలు క్లాసులో ఒక రోజు కొండమీది ప్రసంగం చదువుతున్నారు. శత్రువులను ప్రేమించడం అయ్యే పనేనా, అది ఒక ఆదర్శం మాత్రమేనా అని చర్చ వచ్చింది. వారికి శత్రువులంటే పుస్తకంలోని వారు కాదు, తుపాకులతో గేటు దగ్గర నిలబడ్డ సైనికులు. వారి కోసం ప్రార్థన చేయడం మొదలుపెడితే మన మనసు మారుతుందని ఎరిక్ నేర్పాడు (మత్తయి 5:44). ఆ చలికాలంలో స్టీవ్ బూట్లు పూర్తిగా చిరిగిపోతే, తన పాత పరుగు బూట్లను కుట్టి అతనికి ఇచ్చాడు. కొద్ది వారాలకే, 1945 ఫిబ్రవరి 21న, మెదడులో కణితితో ఎరిక్ ప్రభువునందు నిద్రించాడు. ఆయన వయసు 43. ఆగస్టు 17న అమెరికా విమానం నుంచి ఏడుగురు సైనికులు పారాచూట్లతో దిగి ఆ శిబిరాన్ని విడిపించారు. అంకుల్ ఆ రోజు చూడలేదు.

స్టీవ్ చూశాడు. 1952లో మిషనరీగా వెళ్లాడు. ఎక్కడికో తెలుసా? జపానుకు. తనను బంధించిన జనం మధ్య దాదాపు నలభై ఏళ్లు సేవ చేశాడు.

చనిపోయిన తండ్రి కొడుకుకు కక్షను ఆస్తిగా మిగిల్చిన రోజులు మన సీమ చూసింది. పగ ఎలా తరం నుంచి తరానికి అందుతుందో మనకు ఎవరూ చెప్పనవసరం లేదు. క్షమ కూడా అలాగే అందుతుంది. కాకపోతే దానిని అందించే పెద్ద మనిషి పిల్లల పక్కన ఉండాలి. ఎరిక్ తన కొడుకు కాని ఒక కుర్రవాడికి ఒక జత పాత బూట్లు, ఒక ప్రార్థన మిగిల్చి వెళ్లాడు.

ఆనాటి పిల్లవాడు మళ్లీ మా చర్చికి రాలేదు. ఇప్పుడు అతనూ కువైట్‌లో డ్రైవరు. ఇక్కడ అతనికి ఎనిమిదేళ్ల కొడుకు ఉన్నాడు. పోయిన ఏడాది నంబరు సంపాదించి ఫోను చేశాను. ‘ఆ రోజు నేను తప్పు చేశాను నాయనా, క్షమించు’ అన్నాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత, ‘మా పిల్లోడు ఆదివారం గ్రౌండుకు వస్తాడు అయ్యగారూ. మీకు కనపడితే పేరు పెట్టి పిలవండి’ అన్నాడు.

ఇప్పుడు మా సంఘంలో ఆదివారం సాయంత్రం పెద్దలు వంతులవారీగా ఆ మైదానానికి వెళ్తున్నారు. ఒకరు అంపైరుగా నిలబడతారు. చీకటి పడే వేళ పిల్లలంతా చుట్టూ చేరితే చిన్న ప్రార్థన చేసి ఇళ్లకు పంపుతారు. ఉదయం ఆరాధనకు వచ్చే పిల్లలు కొందరు పెరిగారు, కొందరు ఇంకా రారు. రాని వారి పేర్లు కూడా మాకు తెలుసు.

మీ ఊరి మైదానంలోనూ, నాయన దగ్గర లేని పిల్లలు ఈ ఆదివారం ఆడుతూ ఉంటారు. ఆరాధన ముగిశాక ఒకసారి అటు వెళ్లండి. వారి పేర్లు అడిగి తెలుసుకోండి.