పాత పికప్పునకు క్రొత్త డాష్‌బోర్డు

గుఱ్ఱపు బండ్లు నడచిన దినములలో బండి ముందు భాగమున ఒక పలకను బిగించెడివారు. గుఱ్ఱపు డెక్కల తాకిడికి ఎగిరిన బురద తోలువాని మీద పడకుండ కాపాడుటయే దాని పని. గుఱ్ఱము పోయి మోటారు వచ్చినది కాని పలక మాత్రము పేరుతో సహా నిలిచిపోయినది. దానినే మనము నేడు డాష్‌బోర్డు అనుచున్నాము.

ఒక వేసవిలో మేము అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమున మా మేనల్లుని ఇంట కొన్ని వారములు గడపితిమి. అతనికి 1999లో తయారైన పికప్ ట్రక్కు ఒకటి కలదు. ఇంజనుకు ఏ రోగమును లేదు. డాష్‌బోర్డు మాత్రము ఎండిన చెరువు అడుగువలె నెఱ్ఱెలు విచ్చియుండెను. వ్రేలు తగిలిన చోటనెల్ల ఒక ముక్క ఊడి చేతికి వచ్చుచుండెను. “అందము కొఱకు ఇంత శ్రమ ఎందుకు మామయ్యా? పైన మంచి గుడ్డ ఒకటి పఱచిన చాలదా?” అని అతడు మమ్ము అడిగెను. ఈ ప్రశ్న సామాన్యమైనది కాదు. దానికి సమాధానము చెప్పుటకు ముందు ఆ పగుళ్లు ఏల వచ్చినవో తెలియవలెను.

పూర్వపు జీపులకు, లారీలకు డాష్‌బోర్డు ఇనుప రేకుతో ఉండెడిది. రెంటచింతల ఎండకైనను అది పగిలెడిది కాదు. అయితే ప్రమాదము జరిగినపుడు తల పోయి ఆ రేకునకు కొట్టుకొనెడిది. అందుచేత అమెరికా ప్రభుత్వము 1968 నుండి కార్ల లోపలి భాగములు దెబ్బను కొంత మ్రింగునట్లు ఉండవలెనని నిబంధన చేసినది. మెత్తని డాష్‌బోర్డులు ఆ కాలమున బాగుగా వ్యాపించినవి. వానిలో పెక్కింటికి పైన వినైల్ పొర, దాని క్రింద స్పాంజి, ఆ క్రింద గట్టి చట్రము ఉండును. వినైల్ స్వభావముచేత పెళుసైనది. దానిని మెత్తబఱచుటకు నూనె వంటి ద్రవ్యములను కలుపుదురు. ఎండకు ఆ ద్రవ్యములు కొంచెము కొంచెముగా ఆవిరియై పోవును. ఎండలో నిలిపిన బండి ముందు అద్దమునకు లోపలివైపున జిడ్డు పొర పట్టుట పాఠకులు గమనించియే యుందురు. ఆ జిడ్డులో కొంత డాష్‌బోర్డు నుండి వెడలిన సారమే. సారము పోయిన పొర బిగిసి, పగటి వేడికి సాగి, రాత్రి చలికి ముడుచుకొని తుదకు చీలిపోవును. 2018లో అరిజోనాలో చేసిన యొక పరిశీలనలో, వేసవి ఎండలో నిలిపిన బండ్ల డాష్‌బోర్డులు ఒక గంటలో సగటున 69 డిగ్రీల సెంటిగ్రేడు వఱకు కాగినట్లు తేలినది. ఇరువది ఏండ్లు ఈ పెనము మీద వేగినది పగిలినదన్న ఆశ్చర్యమేమున్నది?

ఇక గుడ్డ మాట. 1998 సెప్టెంబరు నుండి అమెరికాలో తయారగు చిన్న ట్రక్కులలో చోదకునికిని, ప్రక్కన కూర్చున్న వానికిని గాలి సంచులు ఉండవలెనని శాసనము. ప్రక్కవాని సంచి డాష్‌బోర్డులోనే ఒక మూత క్రింద మడచి యుండును. ప్రమాద సమయమున అది సెకనులో ఇరువదవ వంతు కాలములోపలనే ఉబ్బి ఆ మూతను తోసికొని వచ్చును. మూత చుట్టును ఊడుటకు సిద్ధముగా నున్న ప్లాస్టిక్ పెచ్చులున్నచో అవి ఎవరి ముఖము మీదికి ఎగురునో వేఱుగా చెప్ప నక్కఱలేదు. మూత మీద గుడ్డ పఱచినను, తొడుగు అంటించినను సంచి దారికి అడ్డు తగులును. మా మేనల్లుని కుమార్తె ప్రతి దినము ఆ ప్రక్క సీటులోనే కూర్చుండి కళాశాలకు పోవుచుండెను. ఈ మాట వినిన తరువాత అతడు మఱి గుడ్డ ఊసెత్తలేదు.

పని ఎంత యన్నది బండిని బట్టి యుండును. 1973 నుండి 1987 వఱకు వచ్చిన షెవర్లే పికప్పులలో పై మెత్త వేఱుగా నుండును గనుక కొన్ని స్క్రూలు విప్పిన ఊడివచ్చును. తరువాతి కాలపు బండ్లలో డాష్‌బోర్డు మార్చుట యనగా బండి పొట్ట కోయుటయే.

మొట్టమొదట బ్యాటరీ నెగెటివ్ తీగను విప్పి కొంతసేపు ఊరకుండవలెను. గాలి సంచి యంత్రములో నిలిచియున్న విద్యుత్తు ఆఱిపోవుటకు ఈ వ్యవధి. ఎంతసేపన్నది ఆ బండి మరమ్మతు పుస్తకములో వ్రాసియుండును. దానిని చదువక పానా పట్టరాదు. సంచికి పోవు తీగల కొసలు సాధారణముగా పసుపు రంగులో నుండును. విప్పిన సంచిని మూత పైకి ఉండునట్లు పెట్టవలెను. బోర్లించినచో అది పొరపాటున ప్రేలినపుడు మొత్తము పైకి ఎగురును.

పిమ్మట ప్రక్కల పట్టీలు, మోకాళ్ల యొద్ది పలక, మీటర్ల చుట్టు చట్రము వరుసగా తీయవలెను. బండిలోని రేడియోను లాగునపుడు వెనుకనున్న ఏరియల్ తీగను మఱువరాదు. రేడియో గల గృహస్థులకు ఈ హెచ్చరిక అవసరము లేదనుకొందుము. స్టీరింగు కంబమును నట్లు వదులు చేసి సీటు మీదికి దించవలెను. అపుడు చక్రము తిరుగకుండ తాళము వేసి యుంచుట మేలు. ముందు అద్దము అంచున ఉన్న స్క్రూలు, రెండు కొసలయందలి బోల్టులు విప్పిన పిదప ఇద్దఱు మనుష్యులు చెఱియొక ప్రక్క పట్టి మెల్లగా ఎత్తవలెను. ఒక్కరు ఎత్తబోయినచో పాతది రెండుగా విఱిగి లోని తీగలను కోయును.

క్రొత్త దానిలో తమ బండి మీటర్లనే అమర్చుకొనవలెను. ఇతరుని మీటరు పెట్టినచో తిరిగిన మైళ్ల లెక్క అబద్ధమగును. అద్దము మూలనుండి కనిపించు బండి సంఖ్య పలకను ముట్టరాదు. అక్కడ దానిని ఊడబెఱుకుట చట్టరీత్యా నేరము కావచ్చును.

ఇంత విప్పిన తరువాత హీటరు పెట్టె కంటికి ఎదురుగా నుండును. అది పాతదై కారుచున్నచో అప్పుడే మార్చుట తెలివి. లేనిచో మరుసటి ఏడు ఈ శ్రమ యంతయు మరల పడవలెను. అయితే శీతల యంత్రపు గొట్టములు విప్పవలసి వచ్చినపుడు ఆ వాయువును గాలిలోనికి వదలక, దానిని పట్టి నిలువచేయు పరికరము గలవారిని పిలువవలెను.

పాత బండ్ల దొడ్డిలో చవుకగా దొరకు డాష్‌బోర్డును మేమును చూచితిమి. అదియు మన దాని యీడుదే, అదే ఎండలో కాగినదే. ఉత్తరపు చలి రాష్ట్రములలో రోడ్ల మీద ఉప్పు చల్లుటచే బండ్ల అడుగు త్రుప్పు పట్టునట. లోపల డాష్‌బోర్డు మాత్రము కొంత నయముగా నుండునట. దక్షిణపు ఎండ రాష్ట్రములలో దీనికి తలక్రిందులు. దొడ్డిలోనిది లాగుచుండగనే మా చేతిలో విఱిగినది. తుదకు క్రొత్తగా పోతపోసిన దానినే తెప్పించితిమి.

మాకు రెండు దినములు పట్టినది. మూడవనాటి ఉదయము ఫ్యాను వేయగా, ఏ మీట త్రిప్పినను గాలి అద్దము వైపునకే పోవుచుండెను. ఆ బండిలో గాలి దారులను త్రిప్పునది తీగ కాదు, ఇంజను పీల్పుడుతో పనిచేయు సన్నని రబ్బరు గొట్టము. అది ఊడినచో గాలి అద్దమునకే పోవునట్లు అమర్చియుందురు. దానిని తగిలించుట మఱచినది మేమే. మరల సగము విప్పి తగిలించితిమి.

తాళపుచెవి త్రిప్పగా గాలి సంచి గుర్తు దీపము వెలిగి, కొన్ని సెకనులు నిలిచి, ఆఱిపోయినది. అది ఆఱకున్నచో ఎక్కడనో ఒక పసుపు కొస సరిగా కూర్చుండలేదన్నమాట. మా మేనల్లుడు రెండవసారి కూడ త్రిప్పి చూచి, అపుడు కుమార్తెను పిలిచెను.